సాదాకోకచిలుకల బాబాయి

పోగుల బాబాయి ముందు ఎవరినైనా తిట్టుకోవచ్చు. ఆయన్ని తిట్టొచ్చు, ఆయన చేతిపనిని తిట్టొచ్చు, ఆయన వియ్యంకుణ్ణి తిడితే ఇంకో రెండు ఆయనే అందిస్తాడు. కానీ చిమ్మటని మాత్రం పురుగు అనకూడదు. అన్నారో, చేతిలో సూది ఆగిపోతుంది. ముక్కు మీద కళ్ళజోడు నుదుటి మీదకెక్కుతుంది. "ఏమన్నారు?" అంటాడు మెల్లగా. ఇక మీ అరగంట గోవిందా.

చిమ్మటంటే తెలుసుగా? లైటు వేస్తే చాలు, ఎక్కడినుంచో వచ్చి దాని చుట్టూ గిరగిరా తిరిగి, పొద్దున్నకి గోడ మీద బూడిదరంగు మచ్చలా అతుక్కుపోయి ఉంటుందే, అది. దాన్ని చూస్తే మనం చీపురు వెతుక్కుంటాం. బాబాయి గొంతు తగ్గించి మాట్లాడతాడు, నిద్ర చెడుతుందని.

"సీతాకోకచిలుకకి స్వయానా పిన్ని కూతురండీ ఇది," అంటాడు. "ఒకే వంశం. ఆవిడ రంగురంగుల కోక కట్టుకుని పగలు షికారు కొడుతుంది, అందరూ ఆహా అంటారు. ఈవిడ సాదా కోక కట్టుకుని చీకటి పడ్డాక పనికెళ్తుంది. అంతేగా తేడా? ఆవిడ సీతాకోకచిలుక అయితే ఈవిడ సాదాకోకచిలుక. మధ్యలో పురుగెక్కడినుంచి వచ్చింది?"

ఇంతలా వకాల్తా పుచ్చుకున్న మనిషి పనిచేసేది ఎక్కడనుకున్నారు? లాండ్రీలో. ఊలు కోట్లు, స్వెట్టర్లు, శాలువాలు వచ్చి పడే చోట. చిమ్మట పేరెత్తితే జనానికి ఒళ్ళు మండే చోట. పాములంటే ప్రాణమైనవాడు కప్పల హాస్టల్లో వార్డెనుగా చేరినట్టు.

అక్కడ ఆయన పని కన్నాలు పూడ్చడం. బట్టకి కన్నం పడితే, అదే బట్ట లోపలి మడతలోంచి నాలుగు పోగులు లాగి, సూదితో మళ్ళీ నేసినట్టు అల్లేస్తాడు. అందుకే పోగుల బాబాయి. ఆయన అల్లాక కన్నం ఎక్కడుండేదో తొడుక్కున్నవాళ్ళు కూడా చెప్పలేరు.

ఆ లాండ్రీలో ఉండేది ముగ్గురే. ముందు గదిలో కౌంటరు దగ్గర అమ్మాయిగారు, అంటే ఓనరు. ఆవిడకి యాభై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, చత్వారం కళ్ళజోడు. అయినా ఆవిడ గౌనేసుకుని వాళ్ళ నాన్న పక్కన స్టూలెక్కి కూర్చునే రోజుల నుంచి బాబాయి ఉన్నాడు కాబట్టి ఆయనకి ఎప్పటికీ అమ్మాయిగారే. కిటికీ పక్కన వెలుతురులో బాబాయి. వెనక గదిలో, ఆవిరిలో, ఇస్త్రీ అక్క.

ఇస్త్రీ అక్క పనిలో చేరిన మొదటి రోజే వెనక గది గోడ మీద అరచేయంత చిమ్మట కూర్చుని ఉంది. అక్క చెప్పు తీసింది.

"ఆగు తల్లీ!"

చెప్పు గాల్లోనే ఆగిపోయింది. బాబాయి మెళ్ళో టేపు ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నావు?"

"పురుగు, బాబాయిగారూ."

"అది ఎవరి తాలూకో తెలుసా నీకు?"

అక్క ఓనరమ్మ పెంచుకుంటోందేమో అనుకుంది. "తెలీదండీ, తప్పయిపోయింది," అని చెప్పు తొడుక్కుంది.

బాబాయి ఆమె చేతికి పోగులు లెక్కపెట్టుకునే భూతద్దం ఇచ్చాడు. "చూడు. దూరం నుంచి గోనెగుడ్డలా ఉందా? దగ్గరికెళ్ళు. ఇంకా. ఊపిరి బిగబట్టు, తుమ్మావంటే ఊరుకోను."

అక్క చూసింది. గోనె కాదు. ముదురు గోధుమ, లేత గోధుమ, మధ్యలో తేనెరంగు గీత, ఆ గీతకి అటూ ఇటూ సూదిమొన పెట్టి చుక్కలు పెట్టినట్టు తెలుపు. అంచుకి కుచ్చులు. తల మీద రెండు ఈకల్లాంటివి.

"అమ్మో," అంది అక్క.

"కదా? ఆ తల మీద ఈకలు చూడు. సీతాకోకచిలుకకి అక్కడ అగ్గిపుల్లలుంటాయి, చివర గుండ్రంగా. ఆవిడ కూర్చుంటే రెక్కలు పైకెత్తి మూసుకుంటుంది, పుస్తకం మూసినట్టు. ఈవిడ పాపం పరుపు పరిచినట్టు పరిచేస్తుంది, దాచుకోవడం తెలీదు. ఆవిడ కుటుంబం పిడికెడు. ఈవిడ కుటుంబం గంపెడు. అయినా పేరు ఎవరికి? ఆవిడకే!"

ముప్పై నాలుగేళ్ళలో తననెవరూ అంత దగ్గరగా, అంత ఇష్టంగా చూసిన గుర్తు లేదు అక్కకి. ఆ చిమ్మటని చూసి కొంచెం కుళ్ళుకుంది కూడా.

ఇక పొద్దున్నపూట షట్టరు గొడవ. బోర్డు మీద లైటు రాత్రంతా వెలుగుతుందేమో, తెల్లారేసరికి షట్టరు మీద పది, పదిహేను చిమ్మటలు కునుకు తీస్తూ ఉంటాయి. షట్టరు ఎత్తితే నలిగిపోతాయని బాబాయి ఒక్కొక్కదాన్నీ అట్టముక్క మీదకి ఎక్కించుకుని పక్కసందులో పొద దగ్గర దించి వస్తాడు. ఈ లోపల జనం మూటలతో నిలబడి ఉంటారు.

"బాబాయ్, ఎనిమిదైంది!" అని అరుస్తుంది అమ్మాయిగారు.

"ఇంకా నలుగురున్నారు అమ్మాయిగారూ."

"ఇక్కడ ఆరుగురున్నారు, కస్టమర్లు!"

"వాళ్ళు మెలకువగానే ఉన్నారుగా, నిలబడతారు. వీళ్ళు నిద్రలో ఉన్నారు."

ఒకసారి ఒకావిడ మెడకి ఖరీదైన స్కార్ఫు చుట్టుకుని వచ్చి, కౌంటరు మీద వాలిన చిమ్మటని చూసి "ఛీ ఛీ, పురుగు!" అని రెండడుగులు వెనక్కేసింది. బాబాయి లేచి నమస్కారం పెట్టాడు.

"స్కార్ఫు బాగుందమ్మా. పట్టా?"

"అసలైన పట్టు," అంది ఆవిడ గర్వంగా.

"ఇదిగో, వీళ్ళ మేనత్తే నేసింది. పుట్టింటివాళ్ళు పలకరించడానికొస్తే ఛీ అంటే ఎలా తల్లీ?"

ఆవిడ మళ్ళీ ఆ లాండ్రీ గుమ్మం తొక్కలేదు. అమ్మాయిగారు రెండ్రోజులు బాబాయితో మాట్లాడలేదు. ఆ రెండ్రోజులు బాబాయి చిమ్మటలతో మాట్లాడుకున్నాడు, ఆయనకేం లోటు.

అసలు తమాషా చీటీల దగ్గర. బాగుచేయడానికి వచ్చిన ప్రతి బట్టకీ ఒక చీటీ గుచ్చాలి. ఎవరిది, కన్నం ఎక్కడ, కారణం ఏంటి. కారణం రాసేది బాబాయే, ఎందుకంటే కన్నం అంచు చూసి దాని జాతకం చెప్పగలడు. మేకు గీసిందా, నిప్పురవ్వ పడిందా, ఎలుక కొరికిందా, ఇట్టే చెప్పేస్తాడు. చిమ్మట కొట్టిన కన్నం వస్తే మాత్రం పెన్ను కదలదు. "వయసు" అని రాస్తాడు. "గాలి తగలక" అని రాస్తాడు. ఒక స్వెట్టరు మీద "మూడేళ్ళు బీరువాలో మర్చిపోయినందుకు" అని రాశాడు. ఇంకో శాలువా మీద ఏకంగా "విధి" అని. ఇన్నేళ్ళ చీటీల్లో చిమ్మట అన్న మాట ఒక్కసారి కూడా రాయలేదు.

దీని మీద లాయరుగారితో పెద్ద వాదనే జరిగింది. లాయరుగారు ఆ వీధి చివర ఉంటారు. కోర్టులో ఓడితే ఓడతారేమో గానీ లాండ్రీలో ఓడే మనిషి కాదు. ఆ రోజు స్వెట్టరు తెచ్చి కౌంటరు మీద పడేశారు.

"చిమ్మట కొట్టేసిందయ్యా."

"మీరు కళ్ళారా చూశారాండీ?"

"చూడక్కర్లేదు, బీరువా తలుపు తీస్తే ఎగిరిపోయింది."

"ఎగిరిందంటే పెద్దదన్నమాట. బట్టలు కొట్టే రకానికి రెక్కలొచ్చాక తినే నోరే ఉండదండీ. నోరు లేని ప్రాణి మీద నింద వేస్తారా? లాయరై ఉండి?"

"మరి తిన్నదెవరు?"

"దాని పిల్లలు. చంటిపిల్లలండీ! మీ మనవడు ఆకలేస్తే మీ కళ్ళజోడు నోట్లో పెట్టుకోడూ? అది కూడా వెయ్యి ఇళ్ళల్లో ఒక ఇంటివాళ్ళే బట్టలు ముట్టేది. ఒక్కడు దొంగైతే వీధి వీధంతా జైల్లో పెట్టిస్తారా?"

లాయరుగారు స్వెట్టరు అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. చీటీలో కారణం: "ఆధారం లేని అనుమానం."

ఇలా నవ్వుతూ నడుస్తున్న లాండ్రీలో ఇస్త్రీ అక్క మాత్రం బిక్కుబిక్కుమంటూ ఉండేది. కారణం ఉంది. చేరిన రెండో నెలలో ఒక చొక్కా జేబు కాల్చింది. నాలుగో నెలలో ఒక కర్టెను. అమ్మాయిగారు అరవలేదు, అరిచి ఉంటే బాగుండేది. "మూడోది కాలిస్తే ఇస్త్రీపెట్టె అక్కడే పెట్టేసి ఇంటికెళ్ళిపో. నాతో చెప్పక్కర్లేదు," అంది చల్లగా. అక్క ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, మంచం దిగని తల్లి. మొగుడేడీ అని అడిగితే "ఉన్నాడు" అంటుంది, ఎక్కడో చెప్పదు. ఆ ఇల్లు మొత్తం ఆ ఇస్త్రీపెట్టె మీదే నడుస్తోంది.

సరే, ఒకరోజు పొద్దున పదింటప్పుడు లాయరుగారి నల్లకోటు ఇస్త్రీకి వచ్చింది. అమ్మాయిగారు గుండీలు కొనడానికి బజారుకెళ్ళింది. అక్క ఒళ్ళు దగ్గర పెట్టుకుని, తడిగుడ్డ పరిచి, కోటు చేతుల నుంచి ఛాతీ దాకా మెల్లగా రుద్దుకుంటూ వస్తోంది. ఇంతలో పైనుంచి ఒక చిమ్మట తూలి వచ్చి సరిగ్గా కోటు కాలరు పక్కన వాలింది. పెట్టె ఇంకో జానెడు జరిగితే దాని పని అయిపోయినట్టే.

పాత అక్క అయితే రుద్దేసేది. ఈ అక్క బాబాయి పెంపకం. పెట్టె ఉన్నచోటే వదిలేసి, అట్టముక్క అందుకుని, "లే తల్లీ, లే, ఇక్కడ కాదు పడుకునేది" అని బతిమాలుతూ దాన్ని ఎక్కించుకుని, కిటికీ దాకా తీసుకెళ్ళి, చెక్క మీద దించి, హమ్మయ్య అనుకుంది.

అప్పుడొచ్చింది వాసన. వెంట్రుకలు కాలిన వాసన.

పెట్టె ఎత్తేసరికి తడిగుడ్డ పక్కన, ఛాతీ దగ్గర, పెట్టె ముక్కు ఆనినంత మేర ఊలు గోధుమరంగుకి తిరిగింది. వేలు పెడితే పొడి రాలి కన్నం పడింది. అక్క అక్కడే కింద కూలబడింది. కోటు ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంటే బాబాయి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అక్క జరిగింది చెప్పింది.

"దానికేం కాలేదుగా?" అన్నాడు బాబాయి.

"కాలింది కదా బాబాయ్, చూడు ఎంత కన్నమో!"

"కోటు సంగతి కాదే పిచ్చితల్లీ. దానికి?"

"దానికేం కాలేదు. కిటికీలో ఉంది." ఇంత దుఃఖంలోనూ అక్కకి ఒళ్ళు మండింది. "నాకే అయింది. మూడోది ఇది."

బాబాయి ఆమె మొహం చూశాడు. కోటు తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. చిన్న కత్తెరతో కాలిన పోగుల్ని ఒక్కొక్కటీ కత్తిరించి తీసేశాడు, ఎక్కడా గోధుమరంగు మిగలకుండా. తర్వాత ఆయన చేసిన పనికి అక్క ఏడుపు ఆపేసి చూసింది. మంచిగా ఉన్న చోట, పెద్ద కన్నానికి కాస్త దూరంలో, ఇంకో రెండు చిన్న చిన్న కన్నాలు పెట్టాడు. పుట్టిన దగ్గర్నుంచి కన్నాలు పూడ్చిన చెయ్యి.

"ఇదేంటి బాబాయ్?"

"నన్ను మాట్లాడించకు. సిగ్గుగా ఉంది."

చీటీ తీసి కారణం రాశాడు. అరచెయ్యి అడ్డం పెట్టుకుని రాశాడు, పక్కవాడు కాపీ కొడతాడని పిల్లలు రాస్తారే అలా. రాసి, చీటీ బోర్లించి గుచ్చి, అల్లిక మొదలుపెట్టాడు. సగం కూడా అవలేదు. బజారు నుంచి అమ్మాయిగారు, ఆవిడ వెనకాలే లాయరుగారు, ఒక్కసారే వచ్చిపడ్డారు.

"కేసు మధ్యాహ్నానికే పిలుస్తారట. కోటివ్వండి," అన్నారు లాయరుగారు.

కోటు కౌంటరు మీదకి వచ్చింది. మూడు కన్నాలు, వేలాడుతున్న పోగులు. అమ్మాయిగారి చూపు కోటు మీద నుంచి తిన్నగా వెనక గది గుమ్మం మీదకెళ్ళింది. అక్కడ అక్క తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది.

"ఏంటిది? ఎవరి పని?"

"చీటీ చూడండి అమ్మాయిగారూ," అన్నాడు బాబాయి నేల చూపులు చూస్తూ.

అమ్మాయిగారు చీటీ తిప్పింది. "కారణం... చి..." కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "చిమ్మటా?"

లాయరుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కోర్టుకి ఆలస్యమైనా ఇది వదులుకునేలా లేరు.

"ఏమయ్యా, నువ్వేనా ఇది రాసింది?"

"నేనేనండి."

"నీ చేత్తో?"

"నా చేత్తోనేనండి, కాలిపోను."

"మొన్న నా స్వెట్టరు అప్పుడు నోరు లేని ప్రాణి అన్నావు?"

బాబాయి మెళ్ళో టేపు వేలికి చుట్టుకున్నాడు. "ఇది... నోరున్న రకమండి."

"ఏం రకం?"

"చెడ్డ రకం."

"కాస్త గట్టిగా చెప్పు బాబాయ్, వినబడట్లేదు," అంది అమ్మాయిగారు.

"వినబడకూడదనే," అని కిటికీ వైపు దొంగచూపు చూశాడు. అక్కడ చెక్క మీద ఆ చిమ్మట రెక్కలు పరుచుకుని హాయిగా పడుకుని ఉంది. "చెడ్డ రకమండి. తిండిపోతు. మూడు చోట్ల కొట్టింది. పెంపకం లేనిది. మీ బీరువాలోంచే వచ్చి ఉంటుంది. నేను కోటు తీసుకున్నప్పుడే చూసి చెప్పాల్సింది, అది నా తప్పు. అల్లి ఇస్తాను, కొత్తదానిలా ఉంటుంది."

ఒక్కో మాటకీ ఆయన మొహం ఎలా వాడిపోయిందంటే, కన్నబిడ్డ మీద సాక్ష్యం చెప్పే తండ్రికి కూడా అంత కష్టం ఉండదు. నుదుటి మీద చెమట. చెవులు ఎర్రగా. లాయరుగారు కోటు చేతిలోకి తీసుకుని, కన్నం దగ్గర ముక్కు పెట్టి, తీరిగ్గా వాసన చూశారు. వెనక గది గుమ్మం వైపు ఒకసారి చూశారు. బాబాయి వైపు ఒకసారి చూశారు.

"సరే," అన్నారు లేస్తూ. "చిమ్మటే. ఇవాళ్టికి పాతకోటుతో కానిస్తా."

ఆయన వెళ్ళాక అమ్మాయిగారు చీటీ పట్టుకుని విసురుకుంటూ నిలబడింది. "ఇన్నాళ్ళకి నీ నోటితోనే ఒప్పుకున్నావు బాబాయ్. ఇక నేనాగను. రేపు పదకొండింటికి మనిషిని పిలిపించి గదులన్నీ మందు కొట్టిస్తాను. ఒక్క పురుగు మిగలకూడదు."

పురుగు అన్నా బాబాయి కళ్ళజోడు నుదుటి మీదకెక్కలేదు. సూది కూడా ఆగలేదు. అది అక్క చూసింది.

మర్నాడు అక్క వచ్చేసరికి బాబాయి స్టూలెక్కి ఉన్నాడు. చేతిలో పాత చొక్కాల అట్టపెట్టె, మూతకి సూదితో పొడిచిన బెజ్జాలు. పైన తట్టల మధ్యలోంచి, కర్టెన్ల మడతల్లోంచి ఒక్కొక్క చిమ్మటని ఎక్కించుకుంటున్నాడు. స్టూలు ఊగుతోంది, ఆయన మోకాళ్ళు అంతకంటే ఊగుతున్నాయి. ఎక్కించుకుంటున్న ప్రతిదానికీ ఏదో గొణుగుతున్నాడు. అక్క దగ్గరికెళ్ళి చెవి పెట్టింది.

"మనసులో పెట్టుకోకు. నిన్ను కాదు అన్నది. అసలు మీలో ఎవర్నీ కాదు. ఆడపిల్ల, ఇద్దరు పిల్లలు... నువ్వైతే ఏం చేసేదానివి చెప్పు."

అక్క తిన్నగా కౌంటరు దగ్గరికెళ్ళింది. భయం వెయ్యలేదంటే అబద్ధం. కానీ ఆగలేదు.

"అమ్మగారూ, కోటు కాల్చింది నేను. చిమ్మట కొట్టలేదు. అది కోటు మీద వాలితే తియ్యబోయి పెట్టె వదిలేశాను. నన్ను పంపించెయ్యండి, మందు మాత్రం కొట్టించకండి. ఆయన ముసలాయన, స్టూలు మీద నుంచి పడతాడు."

అమ్మాయిగారు కళ్ళజోడు పైనుంచి చూసింది.

"నాకు తెలుసు."

"ఏంటమ్మగారూ?"

"లాండ్రీలో పుట్టి పెరిగినదాన్ని, ఊలు కాలిన వాసన నాకు తెలీదా? వీధి మలుపు దగ్గరే కొట్టింది. లాయరుగారు సాయంత్రం ఫోను చేశారు, ఇంత చేతకాని సాక్షిని జన్మలో చూడలేదు, ఆ అమ్మాయినేం అనకండి అని." ఆవిడ చీటీ వేలితో నిమిరింది. "బాబాయి చిమ్మట అని రాశాడంటే, అది ఎంత కష్టపడి రాశాడో నాకు తెలీదా? అంత చేశాక నిన్ను పంపిస్తే మా నాన్న నా కల్లోకొచ్చి చెవి మెలేస్తాడు. ఉండు. ఇకపై పురుగు వాలితే ముందు పెట్టె నిలబెట్టు, తర్వాత పురుగుని తియ్యి."

"పురుగు కాదమ్మా..." అని నాలిక కరుచుకుంది అక్క.

"నీకూ అంటించాడా!" అమ్మాయిగారు తల పట్టుకుంది. "మందు కొట్టే మనిషిని నేను పిలవనే లేదు. ఆయనే వచ్చి నిజం చెబుతాడని చూస్తున్నా. పొద్దున్నుంచీ స్టూలు దిగడే! పోయి దింపు ముందు."

అక్క పరుగున వచ్చింది. "బాబాయ్, దిగు. మందూ లేదు, మాకూ లేదు."

"ఏం?"

"నేను చెప్పేశాను. అమ్మగారికి నిన్ననే తెలుసంట. లాయరుగారికీ తెలుసంట. నన్ను ఉండమన్నారు."

బాబాయి అట్టపెట్టె గుండెకి ఆనించుకుని స్టూలు మీదే నిలబడిపోయాడు. అంత అబద్ధమాడి, అంత చెమటపట్టి, చివరికి ఎవరూ మోసపోలేదని తెలిస్తే పెద్దాయన చిన్నబుచ్చుకుంటాడేమో అని అక్కకి దిగులేసింది.

"అంటే... నేను చెప్పింది ఎవరూ నమ్మలేదా?"

"లేదు బాబాయ్."

"లాయరుగారు?"

"వాసన చూసి అప్పుడే కనిపెట్టేశారంట."

"చీటీ చూసి కూడా? నా చేతిరాత చూసి కూడా?"

"ఒక్కరు కూడా నమ్మలేదు బాబాయ్. ఒక్కరంటే ఒక్కరు కూడా."

బాబాయి మొహం మెల్లగా విప్పారింది. స్టూలు దిగి, కుర్చీలో కూలబడి, పెట్టె మూత రవ్వంత ఎత్తి, ఆ సందులోకి వంగి రహస్యం చెప్పినట్టు చెప్పాడు.

"విన్నారా? ఎవ్వరూ నమ్మలేదంట."